పెర్కిన్ పండితుడు - బందరు చిరివేరు

ఒక దేశపు పరిశ్రమను పడగొట్టుటకు సైన్యములే రావలెనని లేదు. శాసనములే పుట్టవలెనని లేదు. సముద్రముల కావల, లండనులోని యొక యింటి మేడమీది గదిలో, పదునెనిమిదేండ్ల బాలుడొకడు గాజుబుడ్డిని కడుగుచు ఒక క్రొత్తరంగును చూచెను. ఆ చూపునుండి పుట్టిన శాస్త్రము పదునైదేండ్లు తిరుగక పూర్వమే కృష్ణాతీరపు ఇసుకభూములలో రంగువేరు పండించువాని జీవనమునకు పోటీ యైనది. ఆ బాలుని పేరు విలియం హెన్రీ పెర్కిన్. అతడు మన దేశమున ఏ యధికారమును చేసినవాడు కాడు. మన పాఠశాలల చరిత్రలలో అతని పేరు సాధారణముగా కానరాదు. అయినను విక్టోరియా రాణి కాలమునందు బందరు అద్దకమునకు వచ్చిన కష్టము నెఱుగగోరువారికి ఈతని జీవితమును తెలిసికొనుట యవసరము. పగవాని కథగా గాక, పాఠముగా దీనిని చదువవలెనని మా మనవి.

పెర్కిన్ పుట్టుటకు శతాబ్దముల ముందునుండియు ఈ తీరపు అద్దకము లోకప్రసిద్ధము. పదునేడవ శతాబ్ది యారంభమున డచ్చివారును, వారి వెనువెంటనే 1611 లో ఇంగ్లీషువారును మచిలీపట్టణమునకును, నిజాంపట్టణమని మనము పిలుచు పెట్టపోలికిని వర్తకమునకై వచ్చిరి. వారిని రప్పించిన సరకులలో రంగు గుడ్డలు ముఖ్యములు. ఆ గుడ్డల యెఱుపునకు మూలము చిరివేరు. అది ఇసుకనేలలలో నేలనంటి పెరుగు చిన్న మొక్క. దాని వేరులోనే రంగు దాగియుండును.

అద్దకపు పనివారు గుడ్డను ముందుగా కరక్కాయ కషాయములోను గేదెపాలలోను నానవేసి యెండబెట్టుదురు. నలుపు కావలసినచోట బెల్లపునీటిలో ఇనుపముక్కలను మాగవేసి తీసిన ద్రవముతోను, ఎఱుపు కావలసినచోట పటికనీటితోను అచ్చు వేయుదురు. తరువాత పాఱునీట నుతికి, చిరివేరు వేసిన కాగులో కాచుదురు. పటిక పడినచోట ఎఱుపు గట్టిగా పట్టును. తక్కినచోట అంటిన రంగు ఎండకును ఉతుకునకును పోవును. ఏ యూరి వేరు మేలో, ఏ కాలువ నీరు మేలో, కాగు క్రింద మంట యెంత యుండవలెనో తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చిన విద్య. పటిక పడినచోటనే రంగు ఎందుచేత నిలుచునన్న ప్రశ్నకు మాత్రము వారియొద్ద సమాధానము లేదు. ఆనాడు లోకమున ఎవ్వరియొద్దను లేదు.

ఈ గుడ్డలపై ఇంగ్లాండు ప్రజలకు కలిగిన మోజు అక్కడి నేతగాండ్రకు కంటకమైనది. వారి యాందోళనముచేత 1700 లో నొక శాసనమును, 1720 లో మఱియొక శాసనమును పార్లమెంటు చేసెను. మొదటిది మన దేశపు అద్దకపు గుడ్డలను ఆ దేశమున ధరించుటను నిషేధించెను. రెండవది ఆ నిషేధమును మఱింత బిగించెను. స్వేచ్ఛావర్తకమును గూర్చి తరువాత లోకమునకు బోధించిన దేశము ఆనాడు తన యింటి తలుపు నిట్లు మూసికొనెను. బందరు సరకు తూర్పు దీవులకును, పారశీకమునకును పోవుచు బ్రతికినది. రాజశాసనము తలుపు మూయగలిగెను గాని, చిరివేరు విలువను తీసివేయజాలకపోయెను. ఆ పని చేయుటకు వేఱొక శక్తి పుట్టవలసియుండెను.

విలియం పెర్కిన్ 1838 వ సంవత్సరము మార్చి 12 వ తేదీన లండను నగరమున షాడ్వెల్ అను పేటలో జన్మించెను. తండ్రి జార్జి పెర్కిన్ వడ్రంగము నేర్చి, ఇండ్లు కట్టించు గుత్తదారై సుఖముగా జీవించుచుండెను. ఏడుగురు సంతానములో విలియం కడగొట్టువాడు. కుమారుడు శిల్పిగా భవననిర్మాణవిద్యలో పేరు తెచ్చుకొనవలెనని తండ్రి కోరిక. బాలునికో స్నేహితుడొకడు లవణములను స్ఫటికములుగా కట్టించి చూపిననాటినుండి రసాయనశాస్త్రముపైననే మనసు. సిటీ ఆఫ్ లండన్ స్కూలులో థామస్ హాల్ అను ఉపాధ్యాయు డుండెను. ఆ పాఠశాలలో రసాయనశాస్త్రమునకు మధ్యాహ్నభోజనపు విరామమే సమయము. పెర్కిన్ భోజనము మానుకొనియైనను ఆ పాఠములకు పోవుచుండెను. శిష్యుని శ్రద్ధను కనిపెట్టి హాల్ తండ్రితో పలుమాఱు మాటలాడి యొప్పించెను. మంచి యుపాధ్యాయు డొకడు ఒక తండ్రిని ఒప్పించుటవలన ఎంత ఫలము కలుగునో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

1853 లో, పదునైదవ యేట, పెర్కిన్ రాయల్ కాలేజి ఆఫ్ కెమిస్ట్రీలో చేరెను. ఈ కళాశాల 1845 లో స్థాపితమైనది. ఇంగ్లాండులో ఆ శాస్త్రమును బోధింపదగినవారు చాలకపోవుటచే ఆగస్ట్ విల్హెల్మ్ హాఫ్‌మన్ అను జర్మను పండితుని రప్పించి దాని కధ్యక్షునిగా నియమించిరి. లోకమంతటికిని తానే కార్ఖానా యని గర్వించిన ఇంగ్లాండు, రసాయనవిద్యకొఱకు జర్మనీనుండి గురువును తెచ్చుకొనవలసివచ్చె నన్నమాట పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ఈ కథ చివర దాని యర్థము స్పష్టపడును. పెర్కిన్ రెండేండ్లలోనే గురువునకు సహాయకు డయ్యెను. పగలు గురువు పని, రాత్రులును సెలవుదినములును తన పని. ఇంటి మేడపై నొక చిన్నగదిని ప్రయోగశాలగా నమర్చుకొనెను.

హాఫ్‌మన్ మనసులో మెదలుచున్న కోరిక యొకటి క్వినైనును గూర్చినది. చలిజ్వరమునకు అప్పటికి క్వినైనే ఔషధము. అది దక్షిణ అమెరికాలోని సింకోనా చెట్టు పట్టనుండి వచ్చును, వెల యధికము. ఉష్ణదేశములలో రాజ్యమేలు జాతికి తన సైనికులును ఉద్యోగులును జ్వరమున పడకుండుట పెద్ద విషయము. కావున క్వినైనును చెట్టుతో పనిలేక ప్రయోగశాలలో చేయగలిగినచో సామ్రాజ్యమునకే లాభము. రాక్షసిబొగ్గునుండి దీపములకు వాయువు తీయునపుడు నల్లని తారు మిగులును. దానిని పాఱవేయుటయే కష్టముగా నుండెను. ఆ తారులోని పదార్థములనుండి క్వినైను పుట్టింపవచ్చునేమో యని హాఫ్‌మన్ యూహ.

1856 వ సంవత్సరము ఈస్టరు సెలవులలో పెర్కిన్ ఈ పనికి పూనుకొనెను. విజయవాడ యొద్ద కృష్ణ కడ్డముగా ఆనకట్ట పూర్తియైన మఱుసటి యేడే యది. మన డెల్టాలో నీరు కాలువల వెంట క్రొత్త దారులు పట్టుచున్న దినములలోనే లండనులో ఈ చిన్న ప్రయోగము జరిగినది. క్వినైనులో కర్బనము, ఉదజని, నత్రజని, ప్రాణవాయువు ఎన్నెన్ని పాళ్లున్నవో అప్పటికి తెలియును. అవి ఏ వరుసలో కూర్పబడియున్నవో తెలియదు. ఇటుకల లెక్క తెలిసినంతమాత్రమున ఇల్లు కట్టవచ్చునా? పెర్కిన్ లెక్క సరిపోవు పదార్థమును తీసికొని బైక్రోమేటుతో మార్చి చూచెను. ఎఱ్ఱమట్టివంటి బురద మిగిలెను. విసువక, అంతకంటె సులభమైన అనిలీనుతో మరల చేసెను. ఈమాఱు నల్లని మడ్డి వచ్చెను. మఱొక విద్యార్థియైనచో దానిని పాఱబోసియుండును. పెర్కిన్ దానిని మద్యసారముతో కడిగెను. కడిగిన ద్రవము చక్కని ఊదారంగున మెఱసెను. అతడు తీసికొనిన అనిలీను శుద్ధము కాదు. అందులో టొలుయిడిను కలిసియుండెను. ఆ కల్తీయే లేకున్నచో ఆ రంగు పుట్టియే యుండదు.

దీనిని అదృష్టమని కొందఱందురు. రంగు కనబడుటవఱకు అదృష్టమే కావచ్చును. తరువాత జరిగినది మాత్రము పట్టుదల. పెర్కిన్ పట్టుపీలికను ఆ ద్రవమున ముంచి, ఉతికి, ఎండలో వ్రేలాడవేసి, రంగు వెలియకుండుట చూచెను. అన్నయైన థామసును, స్నేహితుడైన ఆర్థర్ చర్చిని మాత్రము ఆ రహస్యములో చేర్చుకొని మరల మరల చేసి చూచెను. స్కాట్లండులో పెర్త్ పట్టణమున అద్దకమునకు పేరుపొందిన పుల్లర్ కుటుంబమువారికి మాదిరి పంపెను. వెల మితిమీఱకుండెనేని మిక్కిలి విలువగల కల్పన యని వారు ఆశ చూపిరి. ఆగస్టు 26 వ తేదీన పేటెంటు హక్కు సంపాదించునాటికి అతనికి పదునెనిమిదేండ్లు.

చదువు మాని వ్యాపారమునకు పోవుట హాఫ్‌మన్ కిష్టము లేదు. శాస్త్రజ్ఞుడు కార్ఖానా పెట్టినచో శాస్త్రము పోవునని నాటి పండితుల నమ్మకము. కుమారుడు శాస్త్రము చదువుట కిష్టపడని తండ్రియే ఇప్పుడు తన జీవితకాలమున కూడబెట్టినదానిని ఆ రంగుపై పెట్టెను. అన్న థామసు కొలువులోని లెక్కలు చూచుటకు నిలిచెను. హారోకు సమీపమున గ్రీన్‌ఫర్డ్ గ్రీన్ అను చోట, గ్రాండ్ జంక్షన్ కాలువ యొడ్డున, 1857 జూనులో కార్ఖానా నిర్మాణము మొదలయ్యెను. ఆ యేడు తీరకముందే లండనులోని పట్టు అద్దకపువారికి సరకు చేరెను.

ఇది చెప్పినంత సులభముగా జరుగలేదు. తారునుండి బెంజీనును తీయవలెను. దానిని నత్రికామ్లముతో మార్చవలెను. ఇనుపరజముతో దానిని అనిలీనుగా చేయవలెను. గాజుబుడ్డిలో చెంచాడు చేయుట వేఱు, ఇనుపకాగులో మణుగులకొలది చేయుట వేఱు. నత్రికామ్లము బెంజీనుతో కలియునపుడు కాగు పగిలిపోవు భయము నిత్యము వెంటాడును. తగిన కాగులు లోకమున ఎక్కడను అమ్మకమునకు లేవు. వానిని పెర్కిన్ సోదరులే కల్పించుకొనిరి. పట్టునకు తేలికగా అంటిన రంగు నూలునకు నిలువలేదు. దానికి తొగరు రసము, అనగా మన కరక్కాయలో నుండునట్టి పదార్థము, గుడ్డకు ముందు పట్టించినచో రంగు నిలుచునని పెర్కినును పుల్లరును కనుగొనిరి. మన అద్దకపువారు గుడ్డను కరక్కాయనీటిలో ముంచుట యెన్ని తరములనుండి యున్నదో పైన జెప్పితిమి. అదే సూత్రమును ఇంగ్లాండు 1857 లో క్రొత్తగా నేర్చి, కారణము విచారించి, కాగితముపై వ్రాసికొనెను.

పూర్వము ఊదారంగు రాజుల సొత్తు. సముద్రపు నత్తలు 12,000 పగులగొట్టినగాని ఒకటిన్నర గ్రాముల రంగు రాదని తరువాతి రసాయనజ్ఞులు లెక్కగట్టిరి. పెర్కిన్ చేసిన రంగుతో సామాన్యగృహిణియు ఆ వన్నె ధరింపగలిగెను. 1858 జనవరిలో తన పెద్దకుమార్తె వివాహమునకు విక్టోరియా రాణి ఆ వన్నె ధరించెను. ఫ్రెంచి సామ్రాజ్ఞి యూజీనీయు దానిని మెచ్చెను. ఫ్రాన్సులో ఒక పూవు పేరు పెట్టి దానిని మోవ్ అని పిలిచిరి. ఆ పేరే నిలిచినది. వెంటనే ఫ్రాన్సు, జర్మనీ దేశములలో తారునుండి మఱికొన్ని రంగులు పుట్టెను. కొన్నియేండ్లకే మోవ్ మోజు తగ్గెను. పెర్కిన్ నిలిచియుండుటకు మఱొక పని కావలసివచ్చెను.

ఆ పనియే మన తీరమును తాకినది. ఐరోపాలో ఎఱుపునకు మాడర్ అను వేరును సాగుచేయుచుండిరి. ఫ్రాన్సులో అవిన్యాన్ పరిసరములందును, హాలండునందును దానిపై వేలకొలది కుటుంబములు జీవించుచుండెను. ఆ వేరులో రంగునిచ్చు సారమునకు అలిజరిన్ అని పేరు. 1868 లో గ్రేబె, లీబర్‌మన్ అను ఇరువురు జర్మను పండితులు ఆ సారము తారులోని ఆంత్రసీన్ అను పదార్థపు సంతతిలోనిదని కనుగొని, దానినుండియే అలిజరిన్‌ను చేసిచూపిరి. మొక్కలోని రంగును మొక్కలేకుండ మనుష్యుడు చేయుట అదియే మొదలు. వారి పద్ధతి మిక్కిలి వ్యయప్రదము. చవుకగా చేయు మార్గమును పెర్కిన్ కొలదినెలలలోనే కనిపెట్టెను. అదే మార్గమును జర్మనులును కనిపెట్టిరి. లండనులో వారి పేటెంటు దరఖాస్తు 1869 జూను 25 వ తేదీది. పెర్కిన్‌ది 26 వ తేదీది. ఒక్కదినము తేడా. ఉభయులును వ్యాజ్యమునకు దిగక, విపణిని పంచుకొని రాజీపడిరి. ఆ యేడు పెర్కిన్ కార్ఖానా ఒక టన్ను అలిజరిన్ చేసెను. 1871 నాటికి ఏడాదికి 220 టన్నులు చేసెను.

మన చిరివేరులోని యెఱుపు మూలపదార్థమును అలిజరినే. మాడర్ వేఱు మొక్క, చిరివేరు వేఱు మొక్క. ఉన్న నేలలు వేఱు, పండించు జాతులు వేఱు. రంగు మాత్రము ఒక్కటే. కావున గ్రీన్‌ఫర్డ్ కాలువ యొడ్డున చేసిన పొడి అవిన్యాన్ రైతును దెబ్బకొట్టినట్లే బందరు తీరపు రైతును దెబ్బకొట్టినది. సీసాలోని అలిజరిన్ ఎప్పుడును ఒకే బలముతో నుండును. వేరో, నేలనుబట్టియు ఏటనుబట్టియు మాఱును. వేరును త్రవ్వి, ఎండబెట్టి, దంచి, గంటలకొలది కాచు శ్రమ పొడికి లేదు. అచ్చువేయువానికి గిరాకి నిలుపుకొనుట ముఖ్యము. అతడు పొడిని కొనక యేమి చేయును? ఈ మార్పు ఒక్కనాట రాలేదు. కాని ఒకసారి తిరిగిన దారి మరల వెనుకకు తిరుగలేదు.

ఇచట మనము న్యాయముగా మాటలాడవలెను. బందరు క్షీణతకు పెర్కిన్ ఒక్కడే కారణ మనుట సత్యము కాదు. పార్లమెంటు శాసనములు ముందే తలుపు మూసెను. మాంచెస్టరు మిల్లుగుడ్డ రాజ్యబలముతో మన సంతలలో నిండెను. 1864 నవంబరు 1 వ తేదీ రాత్రి బందరుపై పడిన యుప్పెన ముప్పదివేలమందిని పొట్టపెట్టుకొని ఆ రేవును కుంగదీసెను. రాజకీయము, మరయంత్రము, ప్రకృతి, రసాయనశాస్త్రము - ఈ నాలుగును ఒకదానివెంట నొకటి వచ్చినవి. మొదటి మూటికిని ఎదురుచెప్పుటకు మనకు మాటలున్నవి. నాలుగవదానికి ఎదురుచెప్పవలెనన్నచో ప్రయోగశాల కావలెను. అది మనకు లేకపోయెను.

ఇక పెర్కిన్ కథ. 1874 లో, 36 ఏండ్ల ప్రాయమున, అతడు తన కార్ఖానాను బ్రూక్, సింప్సన్, స్పిల్లర్ అను సంస్థ కమ్మివేసి వ్యాపారమునుండి విరమించెను. జీవితాంతము సుఖముగా గడుపుటకు చాలు ధనము చేకూరినది. విశ్రాంతి యొక్కటే కారణము కాదు. అలిజరిన్ వ్యాపారమున నిలువవలెనన్నచో కార్ఖానాను పెక్కురెట్లు పెంచవలెను. అందులో పనిచేయుటకు శాస్త్రజ్ఞులు కావలెను. అట్టివారు ఇంగ్లాండులో దొరకుట దుర్లభము. జర్మనీలోనో, విశ్వవిద్యాలయములు ఏటేట వారిని తయారుచేయుచుండెను. అక్కడి రంగుల కార్ఖానాలు వారిని జీతములిచ్చి ప్రయోగశాలలలో కూర్చుండబెట్టుచుండెను. హాఫ్‌మనే 1865 లో స్వదేశమునకు తిరిగిపోయెను. తారురంగును పుట్టించిన ఇంగ్లాండు తన పంటను తానే కోసికొనలేకపోయెను. 1914 లో యుద్ధము వచ్చునప్పటికి తన సైనికుల దుస్తులకు రంగుకొఱకును శత్రుదేశపు సరకుపై ఆధారపడియున్నట్లు ఆ దేశము కనుగొని సిగ్గుపడినది. మనపై నేలికయైనంతమాత్రమున ఏ దేశమును విద్యయందు అజేయము కాదు.

పెర్కిన్ ధనమును చూచి మురియలేదు. కార్ఖానా నడపుచుండగనే పరిశోధన మానలేదు. 1868 లో, సువాసనద్రవ్యమగు కూమరిన్‌ను ప్రయోగశాలలో చేసెను. ఆ పద్ధతికి రసాయనశాస్త్రగ్రంథములలో ఇప్పటికిని అతని పేరే. 1866 లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. వ్యాపారము విడిచిన పిమ్మట ఇంటియొద్దనే ప్రయోగశాల నుంచుకొని, అయస్కాంతబలమునకు లోనైన ద్రవములు కాంతిని ఎట్లు త్రిప్పునో పరిశీలించుటకు దీర్ఘకాలము వెచ్చించెను. దానికి 1889 లో డేవీ పతకము వచ్చెను. మితభాషి, దైవభక్తి గలవాడు, ఆడంబరము లేనివాడు. రెండుమాఱులు వివాహమాడెను; మొదటి భార్య చిన్ననాటనే మరణించెను. కుమారులు మువ్వురును రసాయనశాస్త్రమునే చేపట్టిరి. పెద్దవాడు, తండ్రి పేరే గలవాడు, మాంచెస్టరు, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములలో ఆచార్యుడై కీర్తి గడించెను.

రెండవ కుమారుడు ఆర్థర్ జార్జి పెర్కిన్ విషయము మన కింకను ముఖ్యము. అతడు లీడ్స్ నగరమున పనిచేయుచు చెట్లలోని రంగులను పరిశోధించుట జీవితవ్రతముగా పెట్టుకొనెను. హమ్మెల్ అను అద్దకశాస్త్ర పండితునితో కలిసి 1893 లో చిరివేరులోని పదార్థములను విడదీసి ప్రకటించినది ఇతడే. తండ్రి చేసిన పొడి ఏ వేరును విపణినుండి తఱిమినదో, ఆ వేరులో అలిజరిన్ ఉన్నదనియు, దానితోపాటు మఱి యే పదార్థములు కలవో కొడుకు పరీక్షించి లోకమునకు చెప్పెను. మన తాతలు వందలయేండ్లు చేతిలో పట్టుకొని తిరిగిన వేరు లోపల ఏమున్నదో సముద్రము దాటి లీడ్సులో తెలిసినది. ఆ వ్యాసము వెలువడునాటికి మనవైపున దానిని పండించువారికి గిరాకి సన్నగిల్లినది. ఈ యొక్క సంగతిలో మన పరాధీనతయంతయు కనబడుచున్నదని మా యభిప్రాయము. భూమి పోవుట, పన్ను పోవుట కంటికి కనబడును. మన వస్తువును గూర్చిన జ్ఞానము పరులచేతిలో పెరుగుట కంటికి కనబడదు.

ఎఱుపు పోయిన దారినే నీలియు పోయినది. బయర్ అను జర్మను పండితుడు 1880 లో నీలిరంగును ప్రయోగశాలలో చేయు మార్గము చూపెను. చవుకగా చేయుటకు ఇంకను పదునేడేండ్లు పట్టెను. 1897 లో జర్మనుల కార్ఖానానీలి విపణిలో దిగినది. బంగాళ, బీహారు, మద్రాసు రాజధానులలో నీలిమందు సాగు కూలినది. ధర పడిపోయిన నష్టమును తెల్లదొరలు రైతుల నెత్తిన రుద్దుటవలననే చంపారను కష్టములు ముదిరి, 1917 లో గాంధీమహాత్ముడు అచటికి పోవలసివచ్చెను. ప్రయోగశాలలో పుట్టిన వస్తువు రాజకీయమును ఎట్లు కదలించునో దీనివలన తెలియును. శాస్త్రము రైతును పీడించలేదు. శాస్త్రమువలన కలిగిన నష్టమును బలవంతుడు బలహీనునిపై త్రోసెను.

1906 లో మోవ్ పుట్టి యేబదియేండ్లయినది. లండనులోను న్యూయార్కులోను స్వర్ణోత్సవములు జరిగెను. ప్రభుత్వము పెర్కిన్‌కు సర్ బిరుద మిచ్చెను. అమెరికాలో అతని పేర నొక పతకము నెలకొల్పిరి. మఱుసటి యేడు, 1907 జూలై 14 వ తేదీన, 69 వ యేట అతడు మరణించెను. అంతకు మూడునెలల ముందే, ఏప్రిలులో, బిపిన్ చంద్రపాలుడు మన ఆంధ్రదేశమున సంచరించి రాజమహేంద్రవరము, విజయవాడ, బందరులలో స్వదేశీమంత్రమును బోధించెను. ఆ యుత్సాహమునుండియే 1910 లో బందరున ఆంధ్ర జాతీయకళాశాల వెలసినది. కోపల్లె హనుమంతరావుగారును, పట్టాభి సీతారామయ్యగారును, ముట్నూరి కృష్ణారావుగారును పుస్తకవిద్యతోపాటు చేతిపనులును నేర్పవలెనని తలంచుట ఎంత దూరదృష్టియో పెర్కిన్ జీవితమును చదివినవారికి బోధపడును. విదేశీవస్త్రమును కాల్చుట ఒకదినపు పని. స్వదేశీవస్త్రమునకు స్వదేశీరంగు వేయుట తరముల పని. అది పాఠశాలలోనే మొదలుకావలెను.

తారురంగుల శాస్త్రము గుడ్డలతో నాగిపోలేదు. వైద్యులు ఆ రంగులతో సూక్ష్మజీవులను మరకవేసి చూచిరి. మరక పట్టిన జీవిని రంగు చంపగలదేమో యని ఎర్లిహ్ పండితుడు విచారించి, 1891 లో మిథిలీన్ నీలిని చలిజ్వరమునకు మందుగా వాడి చూచెను. చలిజ్వరపు మందును వెదకుచు పెర్కిన్ రంగును కనుగొనెను. రంగునుండి శాస్త్రజ్ఞులు చలిజ్వరపు మందునకు మరల దారి తీసిరి. 1935 లో ప్రకటితమైన ప్రాంటోసిల్ అను మందును రంగుల కార్ఖానాలో పుట్టినదే. సల్ఫా మందుల వంశమునకు అది మూలము. ఈ రసాయనవైద్యమున లోకమునకు మహోపకారము చేసిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 లో మన పొరుగున భీమవరమున పుట్టినవాడు. బోదకాలు వ్యాధి క్రిములపై పనిచేయు హెట్రజాన్ అను మందు ఆయన నాయకత్వముననే వెలువడినది. ఆయన ప్రయోగశాల మాత్రము అమెరికాలో నుండెను. 1948 లో ఆయన అచటనే మరణించెను. బుద్ధి మన డెల్టాలలో పుట్టకపోలేదు. దానికి చోటు మాత్రము మనము కల్పింపలేదు.

ఇప్పటికిని బందరు, పెడనలలో కలంకారీ అచ్చుల చప్పుడు వినబడుచున్నది. కరక్కాయ, పటిక, కాగు, పాఱునీరు - పద్ధతి పాతదే. చిరివేరు స్థానమున తఱచుగా కాగులో పడుచున్నది కార్ఖానా అలిజరినే. ఇందు సిగ్గుపడవలసినది లేదు. రంగు ఒక్కటేయని పైన చెప్పితిమి. అయినను ప్రకృతిరంగులను వెలపెట్టి కొనువారు లోకమున మరల పుట్టుచున్నారు. ఇసుకభూములలో చిరివేరు మొక్క యింకను పెరుగును. ఏ నేలలో ఏ మొక్కకు రంగు హెచ్చో, ఎన్ని నెలల వేరు మేలో, తక్కువ నీటితో తక్కువ మంటతో ఎట్లు కాచవచ్చునో తూచి, కొలిచి, వ్రాసి, అద్దకపువానికి తిరిగి చెప్పు పని మన కళాశాలలది. భూవసతిగల పెద్దలు తమ యూరి పాఠశాలకు ప్రయోగశాల యొకటి కట్టించినచో గోపురము కట్టించినంత పుణ్యమని మేము విశ్వసించుచున్నాము.

పెర్కిన్‌ను నిందించుట సులభము. అతడు ఎవరిని పడగొట్టవలెననియు పని చేయలేదు; నల్లని మడ్డిని చూచి ఇందేమున్నదని ప్రశ్నించెను, అంతే. ఆ ప్రశ్నను బందరు కాగుయొద్ద నిలిచి మనవాడొకడు ముందుగా వేసియుండవచ్చును. అతనికి చేతిపని యుండెను, ఓర్పుండెను, తరముల యనుభవ ముండెను. అతని కుమారుని కూర్చుండబెట్టి రసాయనశాస్త్రము చెప్పు గురువు మాత్రము లేడు. షాడ్వెల్ వడ్రంగి కుమారునకు భోజనవేళ పాఠము చెప్పిన హాల్ వంటి గురువు పెడన అద్దకపువాని కుమారునకు దొరకునట్లు చూచుట మన తరము తీర్పవలసిన ఋణము.